ఒక్క నిమిషం బెలూన్, ఆరు నెలల ఎదురుచూపు: నా అనుభవం

మొన్న జూలై 24న నాలుగోసారి గుండెకి యాంజియోగ్రామ్, అంటే నాళాల్లోకి డై అనే మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూసే పరీక్ష, చేయించుకుని వచ్చాను. దానికోసం గొట్టం దూర్చిన ఎడమ బొటనవేలి మొదట్లో నీలం మచ్చ ఇంకా తగ్గలేదు. సాయంత్రం షాపు మూసేశాక రోజుకు కాస్త చొప్పున ఇది రాస్తున్నాను. గుండె నాళంలో స్టెంట్ వేసిన చోటే మళ్లీ మూసుకుపోయిందని చెప్పిన రాత్రి నేను సెల్‌లో తెల్లారేదాకా వెతికాను. డాక్టర్లు మాట్లాడిన వీడియోలు చాలా ఉన్నాయి. ఆ టేబుల్ మీద పడుకుని లేచిన మనిషి చెప్పింది మాత్రం తెలుగులో ఒక్కటీ దొరకలేదు. నాలాగే వెతుక్కునే వాళ్ల కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు 54 ఏళ్లు. ఖమ్మంలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతాను. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. 2023 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్‌లో గుండె ముందువైపు వెళ్లే పెద్ద నాళంలో, దాన్నే ఎల్‌ఏడీ అంటారు, ఒక స్టెంట్ వేశారు. మందు పూత ఉన్న స్టెంటే. ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది కాబట్టి అప్పుడు దాని రేటు జీఎస్టీ కాకుండా 38,265 రూపాయలు. అది వేశాక ఏడాది పైన హాయిగా ఉన్నాను. ఇక అయిపోయిందనే అనుకున్నాను.

2024 నవంబర్ చివర్లో ఎడమ దవడ లాగడం మొదలైంది. మా షాపు మొదటి అంతస్తులో. బట్టల మూట పట్టుకుని మెట్లు ఎక్కితే దవడ పట్టేసినట్టు ఉండేది, పైకెళ్లి కూర్చుంటే పోయేది. ఛాతీలో నొప్పి లేదు. అందుకే పన్ను అనుకున్నాను. పళ్ల డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను, ఎక్స్‌రే తీశారు, మందులు వాడాను, పన్నెండు రోజులు పోయాయి. షాపులో పనిచేసే అమ్మాయే పట్టుకుంది. "అక్కా, పన్ను నొప్పయితే అన్నం తినేటప్పుడు రావాలి గానీ, మెట్లెక్కితే వస్తుందా?" అంది. ఆ ఒక్క మాటకు నేను దానికి ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఆడవాళ్లు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, ఇది గుర్తుపెట్టుకోండి. నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పి ఎక్కడ వచ్చినా సరే, దవడైనా, వీపైనా, మోచెయ్యైనా, ముందు గుండె డాక్టర్‌కే చూపించాలి.

డిసెంబర్ 19న ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశారు. ఆరో నిమిషంలోనే ఆపేసి, యాంజియో చేయాలన్నారు. ఈసారి వేరే హాస్పిటల్‌కి వెళ్లాం. అక్కడి డాక్టర్ మొదటగా అడిగింది, "పాత యాంజియో సీడీ ఉందా అమ్మా? స్టెంట్ కార్డు ఉందా?" అని. కార్డు బీరువాలో ఉంది. సీడీ లేదు. డిశ్చార్జ్ రోజు అడగాలని మాకు తెలియదు. పాత హాస్పిటల్‌కి మా ఆయన మూడుసార్లు తిరిగారు. రికార్డ్ సెక్షన్ వాళ్లు ఒకసారి సర్వర్ పని చేయట్లేదన్నారు, ఒకసారి పేషెంటే రావాలన్నారు, చివరికి ఆరో రోజు ఇచ్చారు. ఆ ఆరు రోజులూ నా దవడ నొప్పి నాతోనే ఉంది. స్టెంట్ వేయించుకున్న ప్రతి ఒక్కరూ డిశ్చార్జ్ కాగితాలతో పాటే సీడీ తీసుకోండి. అది మామూలు కంప్యూటర్‌లో తెరుచుకోదు, కంగారు పడొద్దు, హాస్పిటల్లో తెరుచుకుంటుంది.

2025 జనవరి 8న యాంజియో చేశారు. అక్కడ నాకు తెలిసిన కొత్త సంగతి ఒకటుంది. కుడి మణికట్టు పట్టుకుని నర్సు చాలాసేపు వెతికింది, నాడి దొరకలేదు. 2023లో ఆ చేతి నుంచే స్టెంట్ వేశారు, ఆ తరవాత అక్కడి నాళం మూసుకుపోయిందట. ఇది అక్కడక్కడా జరుగుతుందని, చిటికెనవేలి వైపు ఇంకో నాళం ఉంటుంది కాబట్టి చేతికి రక్తం ఆగదని డాక్టర్ చెప్పారు. నిజమే, ఏడాదిన్నరగా ఆ చేత్తోనే కత్తెర పట్టుకున్నాను, నాకు ఏమీ తెలియలేదు. కానీ విన్నాక చాలాసేపు ఆ చెయ్యే చూసుకుంటూ ఉండిపోయాను. ఎడమ చేతి నుంచి చేశారు. ఆ యాంజియోకి 18,500 రూపాయలు కౌంటర్‌లో కట్టాం.

స్టెంట్ లోపల 80 శాతం మూసుకుపోయిందన్నారు. డాక్టర్ కాగితం మీద గీసి చూపించారు. స్టెంట్ అనేది జల్లెడలాంటి లోహపు గొట్టం. దాని కన్నాల గుండా నాళం గోడ లోపలికి కండలాగా పెరిగింది. గాయం మానేటప్పుడు ఒళ్లు చేసే పనే ఇది, కాకపోతే ఎక్కువైంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువట. ఇప్పటి స్టెంట్లతో కూడా నూటికి ఐదు నుంచి పది మందికి ఇలా అవుతుందన్నారు. నేనేమైనా తప్పు చేశానా, మాత్ర మర్చిపోయానా అని అడిగాను. "మీ తప్పు కాదమ్మా" అన్నారాయన. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ మాటే పట్టుకుని ఏడ్చాను.

రెండు దారులు చెప్పారు. పాత స్టెంట్ లోపల ఇంకో స్టెంట్ వేయడం ఒకటి. మందు పూసిన బెలూన్‌తో ఆ చోట మందు పెట్టి, బెలూన్ తీసేసి వచ్చేయడం రెండోది. రెండో దాంట్లో లోపల కొత్త లోహం ఏమీ మిగలదు. నా కేసులో బెలూనే మేలని ఆయన అభిప్రాయం. తరవాత ఇంకో మాట చెప్పారు. వాళ్ల దగ్గర ఒక పరిశోధన నడుస్తోంది. ఈ బెలూన్ల మీద పూసే మందులు రెండు రకాలు. ఒకటి పాక్లిటాక్సెల్, ఇంకోటి సిరోలిమస్. రెండూ వాడుకలో ఉన్నవే. స్టెంట్‌లో మళ్లీ మూసుకుపోయిన వాళ్లకు ఏది ఎక్కువ కాలం దారి తెరిచి ఉంచుతుందో పోల్చి చూస్తున్నారు. చేరితే బెలూన్ ఉచితం. ఆరు నెలలకు ఇంకో యాంజియో చేయాలి, అదీ ఉచితం. ఏ మందు పెట్టారో మాత్రం నాకు చెప్పరు.

నిజం చెప్తున్నాను, మొదట నన్ను లాగింది ఉచితం అన్న మాటే. అది దాచుకోవాల్సిన విషయం అని నేను అనుకోను. మా ఆయన మాత్రం అక్కడే, డాక్టర్ ఎదురుగానే, "మా ఆవిడ మీద ప్రయోగం చేస్తారా సార్?" అన్నారు. డాక్టర్ నొచ్చుకోలేదు. "ఇంటికి తీసుకెళ్లి చదవండి, ఎంతమందినైనా అడగండి, వద్దంటే ఇదే వైద్యం మామూలుగా చేస్తాను" అని చెప్పి పద్నాలుగు పేజీల కాగితాల కట్ట ఇచ్చారు.

అది తెలుగులోనే ఉంది. సమాచారపూర్వక సమ్మతి పత్రం అని పైన రాసి ఉంది. మూడో పేజీలో యాదృచ్ఛికీకరణ అనే మాట దగ్గర ఆగిపోయాను. నేను డిగ్రీ చదివాను, అయినా ఆ మాట నాకు అర్థం కాలేదు. ఏడో పేజీలో సాధ్యమయ్యే ప్రమాదాలు అని ఉంది. రక్తస్రావం, మూత్రపిండాల సమస్య, నాళం చీలిక, గుండెపోటు, మరణం. మరణం అనే మాట అచ్చులో, మన పేరు రాసిన కాగితంలో చూస్తే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. మొదటి స్టెంట్ అప్పుడు కూడా ఇవే మాటలు ఉన్న కాగితం మీద సంతకం పెట్టి ఉంటాను. అప్పుడు చదవలేదు, అంతే.

మర్నాడు ఆ స్టడీ చూసే కోఆర్డినేటర్ అమ్మాయికి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు మాట్లాడింది. యాదృచ్ఛికీకరణ అంటే చీటీ వేయడమే ఆంటీ, అంది. మీకు ఏ బెలూన్ అన్నది డాక్టర్ గారు కూడా ఎంచుకోరు, కంప్యూటర్ ఎంచుతుంది, ఆయన ఎంచుకుంటే బాగున్న వాళ్లకు ఒకటి, బాగాలేని వాళ్లకు ఒకటి పెట్టేస్తారేమో, అప్పుడు లెక్క తప్పుతుంది, అంది. స్టడీ వల్ల నాకేదైనా అయితే వైద్యం ఖర్చు వాళ్లదేనని, దానికి ఇన్సూరెన్స్ ఉందని, ఏ రోజైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని, తప్పుకున్నా నా వైద్యం ఆగదని, ఇవన్నీ ఏ పేజీలో ఉన్నాయో చూపించింది. పరిశోధనలో చేరినవాళ్ల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా అందులోనే ఉంది. డాక్టర్ మీద ఫిర్యాదు చేయాలంటే ఆ డాక్టర్‌తో సంబంధం లేకుండా వాళ్లకు చేయొచ్చట.

మా అబ్బాయి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఈ మందుల గురించి చదివి వినిపించాడు. పాక్లిటాక్సెల్ అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులోంచి వచ్చింది. క్యాన్సర్ మందు. దాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకాయన మన్‌సుఖ్ వాణీ, మహారాష్ట్రలో పుట్టినాయన. సిరోలిమస్ ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్య ఈస్టర్ ద్వీపంలో 1964లో తవ్వి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాని మీద పనిచేసిన సురేంద్రనాథ్ సెహగల్ కూడా మన దేశం నుంచి వెళ్లినాయనే. కంపెనీ ల్యాబ్ మూసేస్తే ఆ పదార్థాన్ని పారేయడానికి మనసొప్పక ఇంటి ఫ్రీజర్‌లో దాచాడట. తరవాత అది కిడ్నీ మార్పిడి మందు అయింది, ఆ తరవాత స్టెంట్ల పూత అయింది. రెండింటి పనీ ఒకటే, పెరగకూడని చోట కణాలు పెరగకుండా ఆపడం.

నన్ను కదిలించింది మాత్రం ఇంకోటి. ఇలా స్టెంట్‌లో మూసుకుపోయిన వాళ్లకు మందు బెలూన్ పనిచేస్తుందని మొదట చూపించిన పరిశోధన జర్మనీలో జరిగింది, 2006లో అచ్చయింది. అందులో ఉన్నది 52 మందే. సగం మందికి మామూలు బెలూన్, సగం మందికి మందు బెలూన్. వాళ్లలో 45 మంది ఆరు నెలలకు మళ్లీ వచ్చి యాంజియో చేయించుకున్నారు. వాళ్లలో మామూలు బెలూన్ వేసిన 23 మందిలో పది మందికి మళ్లీ మూసుకుపోయింది. మందు బెలూన్ వేసిన 22 మందిలో ఒక్కరికే. మా వాడు ఆ అంకెలు చదువుతుంటే, ఆ పది మంది గురించే ఆలోచించాను. వాళ్లకు పడిన చీటీ అది. వాళ్లు ఒప్పుకోబట్టే ఈ రోజు నాకు మామూలు బెలూన్ వేయట్లేదు. నాకైతే రెండు చీటీల్లోనూ మందే ఉంది.

జనవరి 13న సంతకం పెడతానని ఫోన్ చేసి చెప్పాను. సంక్రాంతికి మాటిచ్చిన బ్లౌజులు నలభై దాకా ఉన్నాయి. డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్నారు కాబట్టి మెషిన్ ఇంటికి తెప్పించుకున్నాను. అమ్మాయిలే కుట్టారు, నేను కత్తిరింపులు చూశాను. 22న అడ్మిట్ అయ్యాను. షుగర్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఆపమన్నారు, డైతో కిడ్నీకి ఇబ్బంది అయితే ఆ మందు ఒంట్లో పేరుకుపోకుండా. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశారు. ప్రతి పేజీ మీద సంతకం, తేదీ, టైమ్ నా చేత్తోనే రాయాలి. టైమ్ కూడా ఎందుకమ్మా అని కోఆర్డినేటర్‌ని అడిగితే, సంతకం పెట్టకముందు స్టడీకి సంబంధించిన ఏ పనీ మొదలవలేదని రుజువు ఉండాలి ఆంటీ, అంది.

23న ఉదయం పదకొండుకు అన్నారు. తీసుకెళ్లింది మధ్యాహ్నం రెండున్నరకు. ముందు ఒక ఎమర్జెన్సీ వచ్చింది. రాత్రి నుంచి ఏమీ తినలేదు. షుగర్ ఉన్నవాళ్లు గంటకోసారి చెక్ చేయమని అడగండి, నేను అడిగితేనే చేశారు, 78 ఉంది, సెలైన్‌లో గ్లూకోజ్ పెట్టారు.

క్యాథ్ ల్యాబ్, అంటే ఈ పనులు చేసే గది, చాలా చల్లగా ఉంటుంది. సాక్సులు వేసుకోనిస్తారు, అడగాలి. టేబుల్ సన్నగా ఉంటుంది, చేతులు పెట్టుకోవడానికి చోటు చాలదు. ఎడమ చెయ్యి నా ఒంటి మీదుగా కుడివైపుకి లాగి కట్టారు, డాక్టర్ కుడివైపు నిలబడతారు కాబట్టి. మత్తు సూది చురుక్కుమంది. నాళం బిగుసుకోకుండా లోపలికి మందు ఎక్కించినప్పుడు మోచెయ్యి దాకా మంట పాకింది, నిప్పు సెగ తగిలినట్టు, పది సెకన్లు. ఇది ముందే చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. అందుకే మీకు చెప్తున్నాను.

మొదట సన్నని తీగలాంటి కెమెరా పంపారు, ఐవస్ అంటారు. శబ్ద తరంగాలతో నాళాన్ని లోపలి నుంచి చూపిస్తుంది. తల తిప్పితే స్క్రీన్ కనబడింది. గుండ్రటి నల్లటి బొమ్మ, చుట్టూ స్టెంట్ తీగలు తెల్ల చుక్కల్లా, వాటి లోపల బూడిద రంగు ముద్ద. నా రక్తం వెళ్లే దారి చిన్న నల్ల మచ్చలా మధ్యలో ఉంది. బ్లౌజుకి మరీ బిగుతుగా వేసిన హుక్కు కన్నంలా అనిపించింది నాకు. ఆ తరవాత మామూలు బెలూన్లతో ముందు దారి వెడల్పు చేశారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. సంతకం పెట్టినా స్టడీలో ఉన్నట్టు కాదు. ఈ వెడల్పు చేయడం సరిగ్గా అయితేనే, నాళం పెద్దగా చీరకపోతేనే చీటీ వేస్తారు. లేకపోతే స్టడీ నుంచి తీసేసి స్టెంట్ వేస్తారు. డాక్టర్ "ఓకే, గో" అన్నారు. అద్దం అవతల కోఆర్డినేటర్ లాప్‌టాప్ మీద వంగడం చూశాను. రెండు నిమిషాలు పట్టిందేమో. గదిలో ఎవరూ బెలూన్ పేరు పలకలేదు. "స్టడీ బెలూన్" అనే అన్నారు.

దాన్ని ప్యాకెట్‌లోంచి తీసేటప్పుడు డాక్టర్ టెక్నీషియన్‌తో, తడి చేయొద్దు, తుడవొద్దు, చేత్తో తాకొద్దు అని రెండుసార్లు చెప్పారు. కారణం తరవాత అడిగితే చెప్పారు. మందు బెలూన్ పైన పొడిలాగా అంటి ఉంటుంది. రక్తంలోకి దిగిన క్షణం నుంచీ కరిగిపోతూ ఉంటుంది, కాబట్టి చేరాల్సిన చోటికి త్వరగా చేరాలి. అక్కడ బెలూన్ విచ్చుకున్న కాసేపట్లోనే గోడ మందుని పీల్చుకోవాలి. చాలా భాగం రక్తంలో కొట్టుకుపోతుంది, గోడకు అంటుకున్న కొంచెమే వారాల తరబడి పనిచేస్తుంది. ఆ జర్మనీ పరిశోధనలో మందు గోడకు పట్టడానికి యాంజియోకి వాడే డైనే కలిపి పూశారట. మామూలుగా ఇస్తే ఒళ్లంతా తిరిగే మందుని ఇలా రెండు సెంటీమీటర్ల మేర, కావాల్సిన చోట మాత్రమే పూసి వస్తారు.

"అమ్మా, ఇప్పుడు అరవై సెకన్లు. నొప్పి వస్తుంది. కదలొద్దు, నాతో మాట్లాడుతూ ఉండండి" అన్నారు.

బెలూన్ విచ్చుకుంటే గుండె ముందు భాగానికి రక్తం ఆగిపోతుంది. పది సెకన్లకు దవడ మొదలైంది. మెట్ల మీద వచ్చేదే, అదే చోట, కానీ ఇప్పుడు ఆగి కూర్చోవడానికి లేదు. ఇరవైకి ఛాతీ మీద బండ పెట్టినట్టయింది. నాకు మాట రాలేదు. లోపల హుక్కులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బ్లౌజుకి ఆరు హుక్కులు. ఒక బ్లౌజు, రెండో బ్లౌజు. నేను ఏడో బ్లౌజు మీద ఉండగా టెక్నీషియన్ "ఫిఫ్టీ" అన్నాడు. అంటే నేను నెమ్మదిగా లెక్కపెడుతున్నాను. "సిక్స్‌టీ, డౌన్." బండ తీసేసినట్టు పోయింది. చెమటతో తల కింద దుప్పటి తడిసింది. డాక్టర్ నా భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయిందమ్మా, లోపల ఏమీ వదల్లేదు, మందు తప్ప" అన్నారు.

మణికట్టుకి గాలి నింపిన ప్లాస్టిక్ పట్టీ కట్టారు. సిరంజితో కొంచెం కొంచెంగా గాలి తీస్తూ నాలుగు గంటలు పట్టింది. నీళ్లు బాగా తాగమన్నారు, డై పోవడానికి. 25న డిశ్చార్జ్ అన్నారు గానీ ఇన్సూరెన్స్ ఫైనల్ అప్రూవల్ వచ్చేసరికి ఏడు గంటలు. మొత్తం బిల్లు 2,31,400. అందులో స్టడీ బెలూన్ లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఐవస్ ఎందుకు వాడారని ప్రశ్న పంపి, 58,000లో సగమే ఇచ్చింది. గ్లౌజులు, దూది, ఇంకా ఏవేవో చెల్లించబడని వస్తువుల కింద తీసేశారు. మేము కట్టింది 53,400. ఐవస్ వాడతారంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడిగించండి.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మెట్లు ఎక్కాను. మా ఆయన వెనక, నేను ముందు. పైకి వెళ్లాక దవడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. రాలేదు. మాఘమాసం పెళ్లి బ్లౌజులు గుట్టగా ఉన్నాయి, వాటిని చూసి ఎప్పుడూ అంత సంతోషపడలేదు.

ఆ తరవాతి నెలలు మామూలుగానే గడిచాయి, రెండు విషయాలు తప్ప. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి వేసుకుంటే రక్తం త్వరగా గడ్డకట్టదు. సూది గుచ్చుకోవడం మాకు రోజూ ఉండేదే. మార్చిలో ఒక గంధం రంగు పట్టు బ్లౌజు మీద చుక్క పడింది, చూసుకునేసరికి రూపాయి బిళ్లంత అయింది. చల్లటి నీళ్లతో, నా ఉమ్మితో అద్ది అద్ది పోగొట్టాను. అప్పటి నుంచి ఎడమ చూపుడువేలికి తొడుగు లేకుండా కూర్చోవడం లేదు.

రెండోది, ఏప్రిల్ 11 రాత్రి ఛాతీలో మంట. ఖమ్మంలోనే ఒక రాత్రి అడ్మిట్ చేసి ఈసీజీ, రక్తపరీక్ష చేసి గ్యాస్ అని పంపేశారు. స్టడీ వాళ్లిచ్చిన చిన్న పుస్తకంలో ఏ ఇబ్బంది వచ్చినా రాయాలి, ఫోన్ చేయాలి. చేశాను. గ్యాసే కదా అని తేలిగ్గా చెప్పాను. అవతల ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. ఒక్క రాత్రి హాస్పిటల్‌లో ఉన్నా తీవ్రమైన ఘటన కింద లెక్కట, 24 గంటల్లో పైవాళ్లకు రిపోర్ట్ పంపాలట. ఆ రోజు నాలుగుసార్లు ఫోన్ చేసింది, డిశ్చార్జ్ కాగితం ఫొటోలు పంపించుకుంది. నన్ను ఇంత పట్టించుకున్నారు అని ఒకవైపు, నా గ్యాస్ కూడా ఎక్కడో ఫైల్లో పడింది అని ఒకవైపు.

జూలైలో ఆరు నెలల యాంజియో తేదీ వచ్చింది. అసలు కష్టం అప్పుడే. నాకు ఏ నొప్పీ లేదు. ఏ నొప్పీ లేని మనిషి మళ్లీ ఆ టేబుల్ ఎక్కడం ఎందుకు? మా ఆయన గట్టిగానే చెప్పారు, తప్పుకోవచ్చని రాసిందిగా, తప్పుకో అని. మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. కోఆర్డినేటర్‌ని అడిగితే ఆమె బలవంతపెట్టలేదు. ఒకటే చెప్పింది. బాగున్న వాళ్లు రాకుండా, బాగాలేని వాళ్లే వస్తే, రెండు మందులూ పనిచేయనట్టే కనబడతాయి ఆంటీ, అంది. మా పనిలో ట్రయల్ వేసి చూడకుండా బ్లౌజు సరిపోయిందని ఎవరం చెప్పం. పైగా నాకు ఆ 45 మంది గుర్తొచ్చారు. వాళ్లలో కూడా బాగానే ఉన్నవాళ్లు ఉండి ఉంటారు. వాళ్ల ఇళ్లలో కూడా ఎవరో ఒకరు వద్దనే ఉంటారు.

ఆషాఢం కాబట్టి పని తక్కువ. 23 రాత్రి బస్సెక్కాం. ప్రయాణానికి వెయ్యి రూపాయలు ఇచ్చారు, ఇద్దరికి చాలలేదు. ఈసారి ఎడమ మణికట్టు నాళం కాపాడుకోవాలని, బొటనవేలి మొదట్లో గుంట ఉంటుందే, అక్కడి నుంచి చేశారు. పావుగంటలో అయిపోయింది. డాక్టర్ స్క్రీన్ నా వైపు తిప్పారు. డై నల్లటి తీగలా సాఫీగా జారిపోయింది. జనవరిలో నొక్కు ఉన్న చోటు ఎక్కడో నేను వెతుక్కోవాల్సి వచ్చింది. "ఇరవై శాతం లోపే ఉందమ్మా, చాలా బాగుంది" అన్నారు. కచ్చితమైన కొలత ఆయన తియ్యరు. బొమ్మలు వేరే ఊళ్లో ఒక ల్యాబ్‌కి వెళ్తాయి. ఎవరికి ఏ మందో తెలియని వాళ్లు అక్కడ మిల్లీమీటర్‌లో వందో వంతు దాకా కొలుస్తారు.

చెట్టు బెరడా, ద్వీపం మట్టా అని అడిగాను. నవ్వి, నాకు తెలుసు గానీ చెప్పకూడదు అన్నారు. స్టడీలో చివరి మనిషికి ఏడాది నిండాక చెప్తారట. నాకు ఇక మిగిలింది 2026 జనవరిలో ఒక ఫోన్ కాల్.

మర్నాడే శ్రావణం వచ్చేసింది. వరలక్ష్మీ వ్రతానికి కావాలని ఇప్పటికే అరవై మూడు బ్లౌజులు ఒప్పుకున్నాం. ఎడమ బొటనవేలితో గుడ్డ నొక్కిపట్టినప్పుడు నీలం మచ్చ దగ్గర కొంచెం సలుపుతోంది. కొలతల పుస్తకంలో ఎవరిదో చుట్టుకొలత, ఎవరిదో చేతి పొడవు, వాటి మధ్య ఒక లైను నా చేతిరాతతోనే ఉంది: జనవరి 23, హైదరాబాద్ ఫోన్.